సమాధానం కోసం ఎదురుచూస్తున్నాను, రావడం లేదు

ఒంగోలు ప్రాంతం నుంచి, పేరు ప్రచురించవద్దన్న షరతుతో, ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

ఆమె వయసు 52 సంవత్సరాలు. తరతరాలుగా బాప్టిస్టు సంఘంలో ఉన్న కుటుంబం. భర్త ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి నిరుడు పదవీ విరమణ చేశారు. ఏడాదిన్నర కిందట ఆయనకు గుండెలో స్టెంటు వేశారు. ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన విద్యారుణంతో ఒక్కగానొక్క కొడుకు అమెరికాలో ఎం.ఎస్. చదివి, టెక్సాస్‌లో ఉద్యోగంలో చేరి, అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే హెచ్1బి వీసా కూడా సంపాదించుకున్నాడు. ఐదు వారాల కిందట కంపెనీ చాలామందిని ఒక్కసారిగా తీసేసినప్పుడు అతని ఉద్యోగమూ పోయింది. 60 రోజుల్లోగా ఏదో ఒక దారి దొరక్కపోతే తిరిగి రావాలి. ఈ సంగతి తల్లికి మాత్రమే చెప్పి, "నాన్నకు చెప్పకమ్మా, ఆయన తట్టుకోలేరు" అన్నాడు. ఆమె చెప్పలేదు. ఈ నెల కంతు కట్టడానికి మెడలో గొలుసు బ్యాంకులో కుదువపెట్టారు. భర్త అడిగితే, కొక్కెం ఊడితే కంసాలికి ఇచ్చానన్నారు. రోజూ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆయన "ప్రభువా, అబ్బాయి ఉద్యోగంలో తోడుగా ఉండు" అని ప్రార్థిస్తారు. ఆమె పక్కన కూర్చుని "ఆమేన్" అంటారు.

అక్కడ పగలంటే మనకు రాత్రి కాబట్టి, కొడుకు ఫోను చేస్తాడేమోనని ఫోనును దిండు కిందే పెట్టుకుంటారు. ఫోను రాదు, నిద్రా రాదు. భర్త కళ్లకు వెలుతురు తగలకుండా దుప్పటి ముసుగేసుకుని రెండింటి దాకా వీడియోలు చూస్తారు: యుద్ధాలు, వీసా వార్తలు, నడుమ నడుమ అంత్యదినాల సూచనలు చెప్పే బోధకులు. వాళ్లలో ఒకరికి "విశ్వాసపు విత్తనం" పేరిట 25,000 రూపాయలు పంపారు. ఇంకో 25,000 పంపితే తలుపు తెరుచుకుంటుందని వాట్సాప్‌లో కబురు వచ్చింది. 21 రోజుల ఉపవాసం ముగించారు. స్త్రీల కూడికలో "ఒక తల్లి కోసం" అని పేరు చెప్పకుండా ప్రార్థన కోరితే, ఒక సహోదరి "భయపడుతోందంటే ఆ తల్లికి విశ్వాసం లేనట్టే, కొడుకు హైదరాబాదులో కూడా ఉద్యోగం వెతుక్కుంటున్నాడంటే దేవుణ్ణి నమ్మనట్టే" అని తేల్చేశారట.

ఉత్తరం చివర ఆమె మాటలు ఇవి: "ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయం 6వ వచనం రాసి బీరువా అద్దానికి అంటించాను. దేనిని గురించీ చింతపడవద్దని చదివిన ప్రతిసారీ, చింతపడుతున్నానే అన్న చింత ఇంకొకటి వచ్చి చేరుతోంది. ఒక్కో రాత్రి, పడుకున్నదాన్ని తెల్లారి లేవకపోతే బాగుండుననిపిస్తోంది. వాణ్ణి వచ్చేయమనాలా, ఉండమనాలా? దేవుడి దగ్గర నుంచి సమాధానం ఎందుకు రావడం లేదు? నాలో లోపం ఎక్కడ ఉంది?"

సోదరీ, మీరు ఉత్తరం చివర, దాదాపు దాచిపెట్టినట్టుగా రాసిన మాటతోనే మొదలుపెడతాను. తెల్లారి లేవకపోతే బాగుండునన్న తలంపు మీకు వచ్చినందుకు మిమ్మల్ని ఎవరూ నిందించడానికి లేదు. కానీ దాన్ని మీలోనే ఉంచుకోవడానికి కూడా లేదు. మన బైబిలులో ఇదే మాట అన్న మనిషి చిన్నవాడు కాడు. కర్మెలు పర్వతం మీద అంత విజయం చూసిన ఏలీయా ప్రవక్త, ఆ వెంటనే అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని, ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము అన్నాడు. మొదటి రాజులు 19వ అధ్యాయం మళ్లీ ఒకసారి నెమ్మదిగా చదవండి. దేవదూత వచ్చి అతని విశ్వాసాన్ని కొలవలేదు, వాక్యం అప్పజెప్పించుకోలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి అతని తలదగ్గర పెట్టి, లేచి తినమన్నాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా తినమనే లేపాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తరవాత, చాలా దూరం నడిచాక.

మీ ఉపవాసం ముగిసింది కాబట్టి దాన్ని ఇప్పుడు పొడిగించకండి. ఐదు వారాల నిద్రలేమి, దాని మీద 21 రోజుల ఉపవాసం, మీ వయసు, ఇవన్నీ కలిసినప్పుడు మనసు కుంగడంలో శరీరం వాటా కూడా గట్టిగానే ఉంటుంది. ముట్లు ఆగే వయసులో నిద్ర చెదరడం, గుండె దడ, అకారణమైన ఆందోళన చాలామంది స్త్రీలకు ఉంటాయి. థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాగే ఉంటుంది. కాబట్టి ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకుని, నిద్ర సంగతితో పాటు ఆ తలంపు సంగతి కూడా దాచకుండా చెప్పండి. ఆ తలంపు మళ్లీ వచ్చిన రాత్రి, ఎవరినీ లేపడం ఇష్టం లేకపోతే, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఆ తలంపు బలపడినా, ఏదైనా చేసుకోవాలనిపించినా మాత్రం మొహమాటపడకుండా మీ వారిని లేపండి. మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. మీ వారికి స్టెంటు వేయించేటప్పుడు మీరు ప్రార్థనా చేశారు, సంతకమూ పెట్టారు కదా.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. సమాధానం ఎందుకు రావడం లేదని అడిగారు. ఉత్తరమంతా చదివితే ఈ మాటను మీరు పదకొండు సార్లు వాడారు, ఒక్కసారి తప్ప అన్నిచోట్లా జవాబు అన్న అర్థంలోనే: ఉద్యోగం వస్తుందా, వీసా నిలుస్తుందా, ఔనో కాదో చెప్పమని. అద్దానికి అంటించిన వచనం కింద ఉన్న 7వ వచనంలోనూ ఇదే మాట ఉంది. "సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము యేసుక్రీస్తు వలన మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును." ఇక్కడ సమాధానమంటే జవాబు కాదు, నెమ్మది. గ్రీకు మూలంలో ఉన్న ఒకే మాటను మన తెలుగు అనువాదకులు యోహాను సువార్త 14:27లో శాంతి అనీ, ఇక్కడ సమాధానము అనీ రాశారు. తెలుగు విశ్వాసులమైన మనకు ఈ ఒక్క మాట రెండు పనులు చేస్తుంది కాబట్టి, జవాబు వస్తేనే నెమ్మది వస్తుందని మనకు తెలియకుండానే ముడిపెట్టుకుంటాం. ఆ రెండు వచనాలను కలిపి చదవండి. మీ విన్నపాలు దేవునికి తెలియజేయండి అన్న తరవాత "అప్పుడు" అని ఉంది. ఆ అప్పుడు జరిగేది అడిగింది దొరకడం అని, ఆ పత్రిక రాసిన పౌలు రాయలేదు. అడిగింది దొరుకుతుందో లేదో తేలకముందే నెమ్మది వచ్చి కాపలా నిలబడుతుందని రాశాడు.

ఆ మాట రాసేనాటికి ఆయన బంధకాల్లో, అంటే చెరలో ఉన్నాడు. తీర్పు ఎటు వస్తుందో తెలియదు. బ్రదుకు మూలముగానైనను సరే, చావు మూలముగానైనను సరే అని అదే పత్రిక మొదటి అధ్యాయంలో రాసుకున్నాడు. గడువు లెక్కపెట్టుకుంటున్న మీ అబ్బాయి స్థితికి ఆయన స్థితి మరీ దూరమైనది కాదు.

"కావలి" అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. జొన్నచేలో మంచె మీద కావలివాడు కూర్చున్నంత మాత్రాన పిట్టలు రావడం మానవు. పిట్టలు వస్తాయి కాబట్టే కావలివాడు ఉంటాడు. మీకు భయం కలుగుతోందంటే కావలి లేదని అర్థం కాదు. ఐదు వారాలుగా ఈ బరువు మోస్తూ కూడా ప్రతి పొద్దునా లేచి, మీ వారికి మాత్రలు వేళకు అందించి, చర్చికి వెళ్లి, ఇన్ని పేజీలు పొల్లుపోకుండా రాయగలిగారు. ఆ కావలి ఎంతో కొంత ఉందనే నేను అనుకుంటున్నాను. అది మీరు ఊహించుకున్నట్టుగా, భయం పూర్తిగా మాయమైన ప్రశాంతతలా లేదు, అంతే.

కూడికలో ఆ సహోదరి అన్న మాట గురించి ఎక్కువ చెప్పను. చింతపడకుడి అని ఫిలిప్పీయులకు రాసిన పౌలే, కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11వ అధ్యాయంలో "సంఘములన్నిటినిగూర్చిన చింతయు కలదు" అనీ, ఆ భారం దినదినమూ కలుగుతోందనీ ఒప్పుకున్నాడు. గెత్సేమనేలో ప్రభువే తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉందన్నాడు. భయం ఉంటే విశ్వాసం లేనట్టేనన్న సూత్రం ముందు వీళ్లిద్దరూ నిలవరు. నేనూ అటువంటి కూడికల్లోనే పెరిగినదాన్ని. కష్టంలో ఉన్నవాళ్లను ఎలా పలకరించాలో తెలియక వాక్యాన్ని మొహాన పెట్టేవాళ్లు ప్రతి సంఘంలో ఒకరిద్దరు ఉంటారు. ఆమెలో కీడు ఉందని నేను అనుకోను, కానీ మీ గుట్టు విప్పుకోవలసిన మనిషి ఆమె కాదు.

అబ్బాయి ఇక్కడ ఉద్యోగాలు చూసుకోవడం అవిశ్వాసమా అన్నదానికి మీ ప్రాంతపు చరిత్రలోనే సంగతి ఉంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చేసిన కరవు రోజుల్లో, ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆకలితో వచ్చినవాళ్లకు ప్రార్థన ఒక్కటే చేసి పంపలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. వాళ్లలో ఎందరో బాప్తిస్మం కావాలని అడిగినా, కూటి కోసం అడుగుతున్నారేమోనన్న శంకతో, సహాయం నడుస్తున్నంతకాలం ఇవ్వకుండా ఆపాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంగతి మన సంఘాల్లో అందరూ గర్వంగా చెప్పుకుంటారు, దానికి ముందున్న ఆ పలుగూ పారా సంగతి మాత్రం తక్కువమందే చెప్పుకుంటారు. మీ కుటుంబం ఆ తరాల నుంచి వచ్చినదే కావచ్చు. తట్ట మోసినందువల్ల వాళ్ల విశ్వాసం తరిగిపోలేదు. మీ అబ్బాయి రెండు దేశాల్లోనూ దరఖాస్తులు పెట్టుకున్నందువల్లా తరిగిపోదు.

కూటికీ విశ్వాసానికీ బేరం కుదరకూడదని క్లౌ పెట్టుకున్న ఆ జాగ్రత్తతోనే మీ 25,000 రూపాయల సంగతి చూడండి. మీరు సంఘానికి ఇచ్చే కానుక వేరు. ఇంత పంపితే ఇంత తలుపు తెరుచుకుంటుందని చెప్పి అడిగేది వేరు. రెండోసారి పంపితే, కొడుకుకు ఉద్యోగం వచ్చినా రాకపోయినా మీరు ఇరుక్కుంటారు: వస్తే డబ్బు వల్లనే వచ్చిందనిపించి మూడోసారి అడుగుతారు, రాకపోతే విత్తనం చాలలేదంటారు. పంపకపోతే ఏదో శాపం తగులుతుందేమోనన్న భయం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. కృప ఉచితమని చిన్నప్పటి నుంచి వింటున్నవాళ్లం మనం. ఆ భయానికి ఏ ఆధారమూ లేదు. ఇచ్చినదాన్ని వెనక్కి అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం, వస్తుందన్న ఆశ మాత్రం నాకు లేదు. ఆ నంబరును మాత్రం బ్లాక్ చేయండి.

రాత్రి వీడియోల గురించి ఒక్క మాట. యుద్ధాలను గురించి, యుద్ధ సమాచారాలను గురించి వింటారన్న మత్తయి 24:6ను ఆ బోధకులు అరిచి చదువుతారు. అదే వచనంలో "మీరు కలవరపడకుండ చూచుకొనుడి" అని కూడా ఉంది. వినేవాళ్లను కలవరపెట్టడానికి ఆ వచనాన్నే వాడుకోవడం ఎంత తలకిందుల వ్యవహారమో ఆలోచించండి. అబ్బాయితో ఒక వేళ మాట్లాడుకోండి. మీకు పొద్దున ఏడు గంటలైతే అతనికి ముందురోజు సాయంత్రం. ఫోను వస్తుందేమోనన్న ఎదురుచూపు పోయి, రావలసిన వేళ ఒకటి ఏర్పడితే, ఫోనును హాల్లో ఛార్జింగుకు పెట్టి పడుకోవచ్చు. అత్యవసరమైతే పలికేలా అతని నంబరుకు మాత్రం గంట మోగనివ్వండి. నిద్ర పట్టకపోతే, అద్దం మీది వచనానికి బదులు కొన్నాళ్లు 13వ కీర్తన గానీ, 88వ కీర్తన గానీ చదవండి. ఒకటి "ఎన్నాళ్లవరకు" అని దేవుణ్ణి నిలదీస్తుంది. రెండోది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది, ఓదార్పు మాట కూడా లేకుండా. అటువంటి మొర కూడా ప్రార్థనేనని ఒప్పుకుని వాటిని వాక్యంలో ఉంచారు కదా. ఎవరికీ చెప్పుకోలేని మాటలు మీరూ అలాగే చెప్పుకోవచ్చు, అందమైన భాష కూడా అక్కర్లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైనది. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం వీసాది కాదు, గొలుసుది కూడా కాదు. లేని ఉద్యోగం కోసం మీ వారు ప్రార్థిస్తుంటే మీరు ఆమేన్ అంటున్నారన్నది. ఆమేన్ అంటే నిజమే, అలాగే అగును గాక అని అర్థం. రోజూ రాత్రి ఆ ఒక్క మాట దగ్గర మీ ప్రార్థన విరుగుతోందని నాకనిపిస్తోంది. దేవుడు దూరమయ్యాడని మీకు అనిపించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. తెలుగులో సమాధానపడడం అన్న ప్రయోగం ఉంది కదా, ఇద్దరి మధ్య ఉన్న అడ్డు తొలగిపోవడాన్ని అలా అంటాం. మీకు కావలసిన సమాధానంలో కొంత ఆ గదిలోనే, మీ వారికీ మీకూ మధ్యనే ఆగిపోయి ఉందేమో చూడండి.

చెప్పకుండా ఉండడం కూడా ఒక దారే, దాని మంచి లేకపోలేదు: ఈ మూడు నాలుగు వారాల్లో ఉద్యోగం దొరికితే ఆయనకు ఈ ఆందోళన అసలు తెలియకుండానే గడిచిపోతుంది. కానీ ఆ విద్యారుణంలో తండ్రిగా ఆయన కూడా సహరుణగ్రహీత అయి ఉంటారు, ఇల్లు తనఖాలో ఉంది. ఒక్క కంతు తప్పినా బ్యాంకు నుంచి ఫోను వెళ్లేది ఆయనకే. గొలుసు మీద తెచ్చిన డబ్బు రెండు మూడు నెలలకన్నా రాదని మీరే రాశారు. కొడుకు ఉద్యోగం పోయిందన్న వార్త బ్యాంకు గుమాస్తా నోట వినడం, భార్య నోట వినడం కన్నా ఏ గుండెకైనా కష్టం. పైగా అప్పుడు ఆయన రెండు దెబ్బలు తినాలి, ఉద్యోగం పోయిందన్నది ఒకటి, ఇన్నాళ్లూ తనకు చెప్పలేదన్నది ఇంకొకటి.

అబ్బాయి చేతనే చెప్పించడం మరో దారి. అది అతని సంగతి కాబట్టి న్యాయంగా అతనే చెప్పాలి, తండ్రీకొడుకుల మధ్య మీరు కబుర్లు మోసే మనిషి కాకుండా ఉంటారు. అయితే అతను రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేయవచ్చు. ఫోనులో చెబుతున్నప్పుడు ఆయన పక్కన మీరు తప్పక ఉండాలి. లేదా, ఇక దాచలేనని అబ్బాయికి ముందుగా చెప్పి, ఒక తేదీ పెట్టి, మీరే చెప్పవచ్చు. అతను కొంత నొచ్చుకుంటాడు, మాట తప్పావని కూడా అనవచ్చు. ఆ కోపం తగ్గేదే. నా మొగ్గు దీనివైపే అని దాచను, కానీ మీ వారి ఆరోగ్యం నాకు తెలియదు కాబట్టి, ఆయనను చూసే గుండె డాక్టరును ముందుగా ఒక్క మాట అడగండి.

చెప్పేటట్లయితే రాత్రి వద్దు. పొద్దున టిఫిను, మాత్రలు అయ్యాక, "అబ్బాయి క్షేమంగా ఉన్నాడు" అన్న వాక్యంతో మొదలుపెట్టండి, మిగిలినది ఆ తరవాత. గొలుసు సంగతి కూడా అప్పుడే చెప్పేయండి, విడిగా మళ్లీ ఒకరోజు పెట్టుకోకండి. ముప్ఫై ఏళ్లకు పైగా బడి నడిపి, పరీక్ష తప్పిన పిల్లల తల్లిదండ్రులను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన మనిషి ఆయన. మీరు భయపడినంత పెళుసుగా ఉండకపోవచ్చు. ఆయనకు తెలిస్తే ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి, కంతు తప్పకముందే, వాయిదాలను తగ్గించడానికో కొంతకాలం ఆపడానికో వీలుందా అని మేనేజరును అడగవచ్చు. తప్పాక అడిగేదానికీ ముందు అడిగేదానికీ చాలా తేడా ఉంటుంది. ఇదే మాట మీరొక్కరే అడగడానికి వెళ్తే సంతకాల దగ్గరే ఆగిపోతుంది.

వచ్చేయమనాలా, ఉండమనాలా అన్నది మీరు తేల్చవలసిన ప్రశ్న కాదని నా అభిప్రాయం. గడువులోగా కొత్త సంస్థ దరఖాస్తు దాఖలు చేస్తే మామూలుగా సరిపోతుంది, ఆలోగా అనుమతి కూడా రావాలని లేదు. సందర్శకుడి హోదాకు మార్చమని దరఖాస్తు చేసుకుంటే కొంత వ్యవధి దొరకవచ్చు, కానీ ఆ కాలంలో పనిచేయడానికి వీల్లేదు, ఖర్చు మాత్రం ఆగదు. తిరిగి వస్తే అప్పు తీర్చే వేగం తగ్గుతుంది. మళ్లీ వెళ్లడం కూడా తేలిక కాదు, 2025 సెప్టెంబరులో దేశం బయట ఉన్నవారి కొత్త హెచ్1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ లెక్క మరీ మారింది. నిబంధనలు మారుతున్నాయి కాబట్టి ఇవన్నీ అతను అక్కడి వీసా న్యాయవాదితో ఇప్పుడే మాట్లాడుకోవాలి. తల్లిగా మీరు అతనికి చెప్పగలిగింది వేరే ఉంది: నువ్వు రేపు సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడినా ఈ ఇంట్లో ఎవరూ తలవంచుకోరు అని. ఇరుగుపొరుగు ఏమంటారోనన్న దిగులు మీ ఉత్తరంలో రెండుచోట్ల ఉంది. అది అతని చెవిన పడి ఉంటే, అక్కడ ఒంటరిగా ఉన్న పిల్లవాడి మీద ఎంత బరువు వేసినట్టవుతుందో ఆలోచించండి. అతను భోజనం చేస్తున్నాడా, నిద్రపోతున్నాడా అన్నది కూడా అడగండి. మీకు వచ్చే తలంపులు అతనికీ రావచ్చు.

మీ పాస్టరుగారికి గానీ, పాస్టరమ్మగారికి గానీ పేరుతో సహా చెప్పుకోండి. కూడిక మొత్తానికి చెప్పనక్కర్లేదు. నమ్మకస్తులైన ఇద్దరు చాలు.

మీ వారికి చెప్పిన రోజు రాత్రి కుటుంబ ప్రార్థన మీరు చేస్తానని పట్టుబట్టకండి. ఎప్పటిలాగే ఆయననే చేయనివ్వండి. అబ్బాయి కోసం ఆయన ఏ మాటలతో ప్రార్థిస్తారో విని, ఆమేన్ అనండి.